మాణిక్యం కళ్ళు

గుడివాడ నుంచి ఫోనొచ్చేసరికి స్వర్ణలత చేతులు చపాతీ పిండిలో ఉన్నాయి. రిసీవర్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని "హలో, బందరండీ" అంది.

"అమ్మాయ్, నేను నాగభూషణరావుని."

డిగ్రీలో ఆమెకి చరిత్ర చెప్పిన మాస్టారు. దివిసీమ ఉప్పెనకి ఈ నవంబరుతో ఇరవయ్యేళ్ళు నిండుతాయని కాలేజీ హాల్లో ఫొటోల ప్రదర్శన పెడుతున్నారాయన. మామగారు తీసిన పాత ఫొటోలు కొన్ని స్వర్ణలతే కడిగి పంపించింది.

"మీ ఫొటోలన్నీ తీసుకుంటున్నామమ్మా! అందులో తల్లో పూలతో ఓ పెళ్ళికూతురుంది చూడు, దాన్ని పెద్దది చేసి గుమ్మంలో పెడదాం. 'ఉప్పెనకు ముందు' అని కింద రాయిద్దాం. ఆహ్వానపత్రిక మీదా అదే. ఎల్లుండి ప్రెస్సుకిస్తాను."

స్వర్ణలత ఎగిరి గంతేసింది. అత్తగారు భాగ్యమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, "ఆ పిండి చేతులు ముందు కడుక్కో తల్లీ. ఫోను గూడా పెనం మీదేస్తావా ఏంటి?" అంది.

పెళ్ళయి మూడు నెలలు. ఈ మూణ్ణెల్లలో ఆమెకి ముచ్చట గొలపనిది లేదు. భర్త డేనియల్ స్కూటరు హారను, పొట్లంలో ఇంకా వెచ్చగా ఉన్న బందరు లడ్డు, ఇంటి కింద స్టూడియోలో చీకటి గది, అందులో ఎర్ర బల్బు. తెల్ల కాగితం మందునీళ్ళలో వేసి ఊపుతుంటే ఎవరిదో మొహం మెల్లగా పైకి తేలడం చూసినప్పుడల్లా చప్పట్లు కొట్టేది. "మేడంగారు చప్పట్లు కొడితే బొమ్మ చెదిరిపోద్ది" అని డేనియల్ ఏడిపించేవాడు.

మామగారు యాకోబు స్టూడియో అప్పట్లో అవనిగడ్డలో ఉండేది. ఆ కాలం నెగెటివ్‌లు రెండు రేకు పెట్టెల్లో ఉన్నాయి. ఒకదానికి తాడు కట్టి ఉంది. అందులో ఉప్పెన. తుమ్మకంపల్లో చిక్కుకున్న మనుషులు, ఉబ్బిన గేదెలు, గుర్తు పట్టడానికి వరసగా పడుకోబెట్టిన శవాలు. ఒక్కో ఫొటో కడిగాక స్వర్ణలత ఆ పెట్టె మూసేసేది. వెంటనే రెండో పెట్టె తెరిచేది. రేవు దాటే పడవ, ఊడ్పుల్లో బురదకాళ్ళ ఆడవాళ్ళు, చర్చి ముందు పెళ్ళిళ్ళు. ఆ పెట్టెలోనే దొరికింది ఈ పిల్ల. వెనక అంతా తెలుపు. నవ్వబోయి ఆగిన కళ్ళు. తన ఈడుదే. ఒకే కాలంలో పుట్టుంటే ఇద్దరం స్నేహితులమయ్యేవాళ్ళం అనిపించింది స్వర్ణలతకి.

ఆ సంతోషంతోనే, తన దగ్గరుంచుకున్న ఇంకో కాపీ పట్టుకుని మెట్లు దిగి స్టూడియోలోకి పరుగెత్తింది.

"మావయ్యా, మీ ఫొటో గుమ్మంలో పెడతారంట!"

"ఏ ఫొటో అమ్మా?" యాకోబు కళ్ళజోడు సవరించుకుని అందుకున్నాడు. చూశాడు. బల్లమీద బోర్లా పెట్టేశాడు. "ఇది ఇవ్వొద్దు."

"అదేంటి మావయ్యా, దీన్నే కదా మాస్టారు..."

"వద్దన్నానా!"

కండువా దులిపి భుజాన వేసుకుని బయటికి నడిచాడు. మామగారు గొంతు పెంచగా స్వర్ణలత ఎప్పుడూ వినలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నా మీద గూడా అట్టా అరవలేదు నాన్న" అన్నాడు చీకటి గదిలోంచి వచ్చిన డేనియల్, తనకీ అర్థంగాక. "నెగెటివ్ ఏమన్నా పాడయిందేమో, చూద్దాం పద."

నెగెటివ్‌ని దిద్దే బల్ల మీద పెట్టారు. కింద నుంచి వెలుతురొచ్చే అద్దం అది. దాని మీద పెన్సిలుతో మొహాల మీది మచ్చలు కప్పడం డేనియల్ ఆమెకి పోయిన నెలే నేర్పాడు. భూతద్దంలోంచి వంగి చూసింది. పూలు పూలు కావు, పెన్సిలు చుక్కలు. ఫొటోలో తెల్లగా రావడానికి తల చుట్టూ ఎర్ర రంగు పూసి వెనకున్నదంతా మూసేశారు. ఆ రంగు ఒక మూల పెచ్చు ఊడింది. ఫొటో కడిగినప్పుడు అక్కడేదో మచ్చ పడిందని తనే కత్తెరతో ఆ మూల తీసేసింది. ఇప్పుడు చూస్తే అది మచ్చ కాదు. ఎవరివో కాలి వేళ్ళు.

కళ్ళ దగ్గరికి జరిపింది. రెప్పలు మూసే ఉన్నాయి. వాటి మీద తెల్లగుడ్డుకి పెన్సిలు గీతలు, నల్లగుడ్డుకి కత్తిమొనతో గీకిన గుర్తులు.

"ఏవండీ" అని భూతద్దం అతని చేతికిచ్చింది.

యాకోబు తిరిగొచ్చేసరికి ఇద్దరూ ఆ బల్ల దగ్గరే ఉన్నారు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మాణిక్యం ఆ పిల్ల పేరు. నాగాయలంక అవతల పల్లె. తుమ్మకంపలో దొరికింది. మొహం చెడలేదు, నిద్రపోతున్నట్టే ఉంది. ఫొటో తీశాను, అందరితో పాటు పూడ్చేశారు. తర్వాత వాళ్ళమ్మ దేవమ్మ వచ్చి, ఆనవాళ్ళ కోసం బోర్డు మీద అంటించిన ఫొటో చూసి గుర్తుపట్టింది. పిల్లదని చెప్పుకోటానికి ఇంకేం మిగల్లేదు ఆమెకి. 'కళ్ళు తెరిపించు బాబూ, మూసిన కళ్ళతో ఇంట్లో ఎట్టా పెట్టుకునేది?' అంది."

"మీరు ఆ అమ్మాయిని బతికుండగా చూశారా మావయ్యా?"

"లేదు తల్లీ. ఎట్టాంటి కళ్ళో తెలీదే అన్నాను. 'నా కళ్ళే దానికీ' అంది. ఆమెని ఎదురుగా కూర్చోబెట్టి చూస్తా గీశాను. ఏడవమాక, కళ్ళు కదుల్తున్నాయి అన్నాను. సాయంత్రం దాకా ఏడవకుండా బిగబట్టుకుని కూర్చుంది."

స్వర్ణలత ఫొటో తిప్పి చూసింది. నవ్వబోయి ఆగిన కళ్ళనుకుంది ఇన్నాళ్ళూ.

"తల్లో పూలు గూడా పెట్టమంది, పెళ్ళప్పుడు తీయించిన ఫొటో అని ఊళ్ళో చెప్పుకుంటానని. ఇంకో కాపీ తియ్యనని మాటిచ్చాను."

"మరి ఆ తాడు కట్టిన పెట్టెలో పెట్టాల్సింది కదా నాన్నా?" అన్నాడు డేనియల్. "ఈమెకెట్టా తెలుస్తుంది?"

యాకోబు కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకున్నాడు. "కళ్ళు తెరిపించినాక మళ్ళీ శవాల్లో పెట్టబుద్ధి కాలేదురా."

స్వర్ణలత పైకెళ్ళి గుడివాడకి ఫోన్ చేసింది. పిండి అంటిన రిసీవరు ఇంకా అలాగే ఉంది.

"మాస్టారూ, ఆ ఫొటో ప్రెస్సుకి ఇవ్వకండి, విడిగా తీసి ఉంచండి."

"అదేంటమ్మా? అంత నవ్వు మొహం ఇంకోటి లేదే!"

"అది ఉప్పెనకి ముందుది కాదండీ." ఆపైన ఏం చెప్పాలన్నా అది దేవమ్మ చెప్పాల్సిందే. "రేపు సాయంత్రం మళ్ళీ ఫోన్ చేస్తాను."

కిందికి దిగొచ్చి, తను కడిగిన ఫొటోనీ నెగెటివ్‌నీ ఒకే కవర్లో పెట్టింది.

"రేపు అవనిగడ్డ వెళ్దాం మావయ్యా. అక్కణ్ణించి నాగాయలంక. దేవమ్మగారిని అడుగుదాం. పెట్టమంటే ఆవిడ రాయమన్నదే కింద రాద్దాం. వద్దంటే రెండూ ఆవిడ చేతిలోనే పెట్టొచ్చేద్దాం."

యాకోబు కోడలి కొత్తచీర వైపూ, తల్లో కనకాంబరాల వైపూ చూశాడు.

"పొద్దున్నే మొదటి బస్సుకి పోదాం" అన్నాడు. "పూలు మాత్రం పెట్టుకోమాక తల్లీ."