మంద కట్టిన బీడు

మల్లేశ్వరి మొగుణ్ణి అడిగింది చీర కాదు, నగ కాదు. గడ్డి. ఊరి చుట్టూ మిరప, పత్తి తప్ప ఇంకోటి కనిపించదు. గట్ల మీద నాలుగు పరకలు మొలిస్తే అవీ రైతుల కళ్లకు బరువే, గడ్డిమందు కొట్టి మాడ్చేస్తారు. కిందటేడు ఆమె గేదె ఒకటి పురుగుమందు పడ్డ గట్టు మీద మేసి, నురగ కక్కుకుని చచ్చిపోయింది. ఇక మిగిలింది గౌరి ఒక్కటే. అదీ చూడి గేదె. దాన్ని కూడా పోగొట్టుకుంటానేమోనని మల్లేశ్వరికి నిద్ర పట్టేది కాదు.

వాగు పక్కన వాళ్లకో పొలం చెక్క ఉంది. సర్కారు తుమ్మ కమ్మేసి, మనిషి దూరడానికి సందు లేకుండా పడి ఉంది. దాన్ని బాగుచేసి గౌరికి బీడు చేస్తానంది. మొగుడు కోటి నవ్వాడు. మిరప రైతు కదా, సాళ్లు లేని నేల ఆయన కంటికి ఆనదు. చివరికి ఈ వానాకాలం ఆమెకు వదిలేస్తానన్నాడు. గడ్డి రాకపోతే మాత్రం దున్ని మిరప వేస్తానని, గౌరిని అమ్మేస్తానని తేల్చేశాడు. అన్న మాట తప్పడు కోటి. ఇంట్లో వాళ్లకు అదే చిక్కు.

యంత్రం వచ్చి చెట్లు కూల్చి పోయింది గానీ మొద్దులు, వేళ్లు నేలలోనే మిగిలాయి. మల్లేశ్వరి గునపం పట్టింది. ముళ్లు చెప్పుల అడుగు నుంచి పాదాల్లోకి దిగేవి. మామ చెంచురామయ్య గట్టు మీద కూర్చుని, ఆమె వదిలేసిన మొద్దుల్ని వేలితో చూపించేవాడు. వేలు చూపించే పనిలో ఆయన్ని మించినవాడు చుట్టుపక్కల లేడు.

నేల బోడిగా తేలాక, బలం చాలదు, మంద కట్టించమన్నాడు మామ. మిరప వేసేముందు చేలో గొర్రెల మందను ఆపి పెంటికలు వేయించుకోవడం అక్కడ తాతల నాటి పద్ధతి. కాదనడానికి ఎవరికీ ఏమీ తోచదు. మల్లేశ్వరికీ తోచలేదు. గొర్రెల కాపరి యలమందను బతిమాలి మందను రప్పించుకుంది. గొర్రెలు వేసవంతా రోడ్ల పక్కన తుమ్మకాయలు తిని నిగనిగలాడుతున్నాయి. నేలంతా పెంటికలు పరుచుకుంటే ఆమె మురిసిపోయింది.

మంచి వాన పడింది. చెక్కంతా పచ్చబడింది. మల్లేశ్వరి పరుగున వెళ్లి కోటిని తీసుకొచ్చింది. ఆయన గొంతుక్కూర్చుని ఒక మొక్క పీకి చూశాడు. ఈసారి నవ్వలేదు.

"గడ్డితో పాటు తుమ్మ కూడా మొలిచింది మల్లేశ్వరీ. చెక్కంతా ఉంది చూడు."

వేళ్లన్నీ తవ్వి పారేశానని ఆమె వాదించింది. కోటి పక్కనున్న పెంటికను బొటనవేలితో చిదిపాడు. లోపల తుమ్మగింజ చెక్కుచెదరకుండా ఉంది. మిరప చేలలోనూ ఇవి మొలుస్తూనే ఉంటాయి గానీ, సాళ్లలో కలుపు తీసే గుంటక తోలేసరికి పుట్టినవి పుట్టినట్టే చస్తాయి. అందుకే ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదు. బీడులో గుంటక ఎవరు తోలతారు? చెంచురామయ్య కండువా దులుపుకుని ఇంటికి వెళ్లిపోయాడు. ఆ పూట ఎవరికీ వేలు చూపించలేదు.

దున్నిస్తానన్నాడు కోటి. దున్నితే తుమ్మతో పాటు గడ్డీ పోతుంది. మల్లేశ్వరి అడ్డం నిలబడింది.

"తడి మీద పీకితే వేరుతో వస్తయ్యండి. నేల ఆరేదాకా ఆగండి. ఆ తర్వాత మీ ఇష్టం."

ఆయన ఆగాడు. ఆమె ఒక మూల నుంచి పీకడం మొదలుపెట్టింది. మర్నాడు పొద్దున్నే మామ గోనెపట్టా తెచ్చుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. ఆయన ముసలి చేతులకు పట్టు చిక్కేది కాదు. ఒక్కోసారి మొక్కకు బదులు గడ్డి ఊడొచ్చేది, దాన్ని మళ్లీ నేలలో గుచ్చేవాడు. మామ మీద పెంచుకున్న కోపమంతా ఆ చేతుల్ని చూశాక మల్లేశ్వరికి పోయింది.

కానీ ఎండ కాసింది. నేల బిగిసింది. మొక్కలు మెడ దగ్గర పుటుక్కున తెగి, వేరు లోపలే ఉండిపోవడం మొదలైంది. అప్పటికి సగం చెక్కే అయింది.

ట్రాక్టరు వచ్చింది. ఎక్కణ్ణుంచి దున్నాలో మల్లేశ్వరే వెళ్లి డ్రైవరుకు చూపించింది. తను నాటినట్టు పెంచుకున్న గడ్డి వేళ్లు పైకి తేలి ఎండలో పడుంటే చూడలేక అటు తిరిగి నిలబడింది. గౌరిని ఈ ఏటికి అమ్మనన్నాడు కోటి. చేత్తో పీకిన సగంలో మళ్లీ తుమ్మ లేచిందంటే మాత్రం అదీ దున్నేస్తానన్నాడు.

సాయంత్రం ఆ సగంలో గౌరి కడుపునిండా మేసింది. ఇంటికి తోలుకొస్తుంటే రోడ్డు పక్క తుమ్మచెట్టు కిందికి మెడ చాచి, రాలిన కాయల్ని తీపిగా నమలసాగింది. ఎప్పుడూ చేసే పనే. ఇదివరకైతే మల్లేశ్వరే కొమ్మ వంచి రాల్చేది.

కర్రెత్తి దాని మూతి మీద కొట్టింది. గౌరిని ఆమె కొట్టడం అదే మొదలు. అది వెనక్కి తగ్గి, ఎందుకు కొట్టావన్నట్టు చూసింది. మల్లేశ్వరి కర్ర పారేసి దాని మెడ పట్టుకుని ఏడ్చింది.

"నీకేం తెలుసే... నీకేం తెలుసు."

గౌరి ఆమె భుజం మీద తల ఆనించి, నోట్లో ఉన్న కాయను నమిలి మింగేసింది.