అరగని బ్రేకులు

బ్రేకు పనిలో నాకు తిరుగులేదు. ఇది డప్పు కొట్టుకోవడం కాదు, ఇరవై రెండేళ్లుగా చక్రాలు విప్పుతున్నదాని మాట. అందుకే అక్క తన ఎలక్ట్రిక్ కారును నా షెడ్డుకు తెచ్చి, దీన్ని అమ్మేస్తానంటే ముందు నవ్వొచ్చింది.

అక్క నలభై ఐదో ఏట పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకుంది. కొండమీది ఇంటి నుంచి కింది ఆసుపత్రికి డ్యూటీకి తానే నడుపుకుంటూ వెళ్లడమంటే ఆమెకు ప్రాణం.

"పొద్దున కొండ దిగేటప్పుడు ఎంత తొక్కినా సరిగా ఆగట్లేదే. సాయంత్రం బాగానే ఉంటుంది. నాకే నడపడం రాదేమో," అంది.

"ప్యాడ్లు కొత్తవాటిలా ఉన్నాయని నువ్వేగా చెప్పావు మరదలా!" అన్నాడు వెంట వచ్చిన బావ.

నిజమే. ఆరు నెలల క్రితం ఇదే అనుమానంతో తెస్తే, చక్రం సందుల్లోంచి లైటు వేసి చూసి ఢోకా లేదన్నాను.

"పొద్దున ఛార్జి ఎంతుంటుంది?"

"రాత్రంతా పెడతాం కదా, నూటికి నూరు."

నాకప్పుడు తట్టింది. ఈ కార్లను మామూలుగా మోటారే నెమ్మది చేసి, ఆ కరెంటును బ్యాటరీకి పంపుతుంది. బ్యాటరీ నిండుగా ఉంటే పంపడానికి చోటుండదు. అప్పుడు బండిని ఆపాల్సింది అసలు బ్రేకులే.

చక్రం విప్పాను. ప్యాడ్లు తుప్పుపట్టి గూట్లో బిగుసుకుపోయాయి, సుత్తి దెబ్బలు పడితేగానీ కదల్లేదు. ఆరోజు పెట్రోలు కార్ల అలవాటుకొద్దీ మందం చూసి మురిసిపోయాను. పని చేయలేదు కాబట్టే అవి అరగలేదు. నామీద నాకే ఒళ్లు మండింది.

"అక్కా, నీ తప్పేం లేదు. చక్రం విప్పకుండా చెప్పాను, తప్పంతా నాది," అన్నాను బావ ఎదుటే.

సాయంత్రానికి డిస్కులు, ప్యాడ్లు మార్చాను. బ్రేకు జారే పిన్నులు శుభ్రం చేసి గ్రీజు పెట్టాను. ఇకమీదట ఏటేటా ఇలా విప్పి చూడాలని, ఛార్జి తొంభై దగ్గర ఆపాలని బావకు చెప్పాను. "రేపొక్కరోజు మాత్రం పరీక్షకని నూరుతోనే దిగుదాం. నేనూ వస్తాను," అన్నాను అక్కతో.

మర్నాడు మొదటి మలుపులో అక్క బ్రేకు తొక్కింది. కారు తొక్కినచోటనే ఆగింది. అక్క కదల్లేదు.

"ఆర్నెల్లుగా రోజూ ఇక్కడ చచ్చిపోతాననే అనుకున్నానే. నువ్వు బాగుందన్నావని ఎవరికీ చెప్పుకోలేదు."

నాకు ఏడుపొచ్చింది. "తిట్టవే," అన్నాను.

తిట్టింది. కొండ కిందిదాకా, ఒక్క మలుపులోనూ తడబడకుండా నడుపుతూ, నోరారా తిట్టింది.