గోడవతలి గుత్తులు

నూకరత్నం చివరి పండుగప్ప చేపను కత్తిపీట మీద ముక్కలు చేసి కవర్లో వేసి ఇచ్చింది. మోచేతుల దాకా పొలుసులు. సంతలో అందరూ చేపలు కడిగిన నీళ్ళు కాలవలో పారబోస్తారు. ఆమె మాత్రం నీలం బకెట్లో పోసి, మూత పెట్టి ఇంటికి మోసుకెళుతుంది.

"ఆ కంపు ఏం చేసుకుంటావే, సెంటు కొట్టుకుంటావా ఏంటి?" పక్క గంప లోవమ్మ నవ్వింది.

"మా పక్కింటమ్మగారికేనే," అంది నూకరత్నం. ఆమె నవ్వలేదు.

మూడేళ్ళ కిందట మొగుడు పోయినప్పుడు రేవు నుంచి చుట్టాలొచ్చి వాకిట్లో కూర్చున్నారు. పక్కింటి సూర్యకళ కిటికీలు మూయించింది. శవం లేచాక వాళ్ళు కూర్చున్న చోటల్లా ఫినాయిలు పోయించింది. పోయించింది నూకరత్నం వాకిట్లోనే. ఆ వాసన పెద్దకర్మ నాటికి కూడా పోలేదు.

ఆ వానలకే నూకరత్నం కడియం నర్సరీ నుంచి ద్రాక్ష మొక్క తెచ్చి ఉమ్మడి గోడ పక్కన పాతింది. రోజూ చేపల నీళ్ళే పోసింది. కంపేమిటని సూర్యకళ గొణిగేది, చేపల ఇల్లు కదా అని ఊరుకునేది. ఏటా పాత కొమ్మలు కత్తిరించి, కొత్త చిగుళ్ళను వేలితో వంచి గోడవతలికి తోసేది నూకరత్నం. తనవైపు ఒక్క గుత్తి కూడా ఉంచుకోలేదు.

ఇవాళ వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. ఉల్లిపాయను కూడా గడప దాటనివ్వని సూర్యకళ పీటెక్కి గుత్తులు కోస్తోంది.

"మావైపు వచ్చినవే కోసుకుంటున్నాను నూకరత్నం. స్వామికి కదా."

"కోసుకోండమ్మగారూ. మీ కోసమే పెంచానండి."

నూకరత్నం బకెట్టును ద్రాక్ష మొదట్లో ఒంపి, స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుంది. అందరూ ప్రసాదం తిన్నాక వెళ్ళి వాళ్ళ గుమ్మంలో నిలబడాలి. అనవలసిన మాట ఎప్పటి నుంచో నోట్లో నానుతోంది: 'అవి చేపల నీళ్ళు తాగిన పళ్ళండీ. ఇప్పుడు ఫినాయిలు ఎక్కడ పోసుకుంటారు?'

అందాకా తన వాకిట్లో పందిరి గుంజకు ఆనుకుని కూర్చుంది. ఎడమ రెక్క పొద్దుటి నుంచి లాగుతోంది. గంప బరువనుకుంది. గోడవతల హారతి గంట మోగింది. లేవబోయింది. గంట ఆగింది. ఆమె లేవలేదు.

మధ్యాహ్నం కత్తిపీట కోసం వచ్చిన లోవమ్మ, ఆమె భుజం మీద చెయ్యి వేసి కెవ్వుమంది.

"ఏమైందే?" సూర్యకళ గోడ మీంచి తొంగిచూసింది. నోట్లో ద్రాక్షపండు ఉంది.

లోవమ్మ ఏడుస్తూనే ఉంది. సూర్యకళ చూపు శవం మీంచి జారి ద్రాక్ష మొదట్లో ఆగింది. ఆమె దవడ కదలడం మానేసింది.

అక్కడ నీలం బకెట్టు పక్కకు ఒరిగి ఉంది. దాని అంచున అంటుకున్న పొలుసులు ఎండకు మెరుస్తున్నాయి.