తమ్ముడి షెడ్డులో మట్టి

బావినీళ్ల మీద నూనె రంగులు తేలిన రోజు నుంచి మా అక్క నాతో మాట్లాడటం మానేసింది. ఆమె ఇల్లు నా మెకానిక్ షెడ్డు వెనకే. పాత ఇంజిన్ ఆయిలు నేలమీదే పారబోశాను, నిజమే. మెకానిక్కులందరూ చేసేదే. వాళ్ల వెనక అక్కల బావులు లేవు, నా ఖర్మ.

నీళ్లు పరీక్షించే మేడమ్ వచ్చింది. షెడ్డు నేల తవ్వి గుల్ల చేయాలట, తడపాలట, ఎరువు వేయాలట. అప్పుడు మట్టిలోని సూక్ష్మజీవులు ఆయిలును తినేస్తాయట. నేను బడి మానేసేనాటికి పాఠం అంతదాకా రాలేదు కాబట్టి తలూపాను.

"బాగా నల్లగా ఉన్న మూల ఏది?" అంది.

"మీరొస్తున్నారని నిన్ననే చెక్కించి లారీకెత్తించాను మేడమ్. చూడ్డానికి అసహ్యంగా ఉందని."

ఆమె తల పట్టుకుంది. ఆయిలు తిని బతకడం అలవాటైనవి ఎక్కువగా ఆ మూలలోనే ఉండేవట. చుట్టాలొస్తున్నారని వంటవాణ్ణి వెళ్లగొట్టినట్టయింది. అలాంటిదే పాత మట్టి ఎక్కడైనా దొరికితే తెచ్చి కలపమంది.

దొరికేది ఒక్కచోటే. ఎదురుగా మా తమ్ముడి షెడ్డు. పనిముట్లు పంచుకుని విడిపోయినప్పటి నుంచి అదంతా మురికికూపమని వచ్చిన ప్రతి కస్టమరుకీ చెబుతున్నాను.

బకెట్టు పట్టుకుని రోడ్డు దాటాను.

"నీ మట్టి కొంచెం కావాలిరా."

వాడు కారు కింద నుంచి బయటికి రాలేదు. "ఏ మట్టి?"

"నల్లది."

"అంటే?"

"మురికిది."

"నీ దగ్గర లేదా అన్నయ్యా?"

"నీదే ఎక్కువ మురికి."

"అది రోజూ అనేదేగా. ఇవాళ దండం పెట్టి అను."

"అక్క బావి కోసంరా."

అప్పుడు బయటికొచ్చాడు. నా బకెట్టు చూసి, "దీంతో ఏం మోస్తావ్, నీ మొహం," అని తోపుడుబండి తీశాడు.

రెండు వానాకాలాలు ఆ మట్టి కలిపిన నా షెడ్డు నేలను తడుపుతూ, తిరగేస్తూ గడిపాను. తనకెప్పుడూ ఇంత సేవ చేయలేదంది మా ఆవిడ. నేను కాదనలేదు.

మొన్న అక్క నీళ్లు తోడి, దోసిట్లో పోసుకుని వాసన చూసింది. గోడ మీదుగా నావైపు తిరిగింది. నేను పార ఆపాను.

"స్నానానికి పనికొస్తాయిరా," అంది. "తాగాలంటే ముందు ఆ మేడమ్‌ని పిలు. నీ మాట నేను నమ్మను."

"సరే అక్కా."

"మరి నిలబడ్డావేం? తవ్వు."