గింజలోది, చేపలోది

నూనె మిషను నోట్లోంచి అవిసె గింజల చెక్క పలకలు పలకలుగా ఊడిపడుతోంది. మిల్లాయన ఒక ముక్క విరిచి వేళ్ల మధ్య నలిపాడు. ఇంకా జిడ్డుంది. మర బిగించబోయి ఆగిపోయాడు. ఎడమ భుజం పొద్దుటినుంచీ లాగేస్తోంది. ఎవరైనా చూశారేమోనని గుమ్మంవైపు తిరిగాడు. కూతురు చూడనే చూసింది. తను పనిచేసే మందుల షాపుకు వెళుతూ, చేపనూనె మాత్రల డబ్బా ఇద్దామని వచ్చింది.

రక్తంలో కొవ్వు మితిమీరింది, చేపనూనెలోని ఒమేగా మూడు కావాలని డాక్టరు చెప్పి చాలాకాలమైంది. ఈయనగారి చెవికి ఒమేగా మూడు ఒక్కటే ఎక్కింది. అది అవిసెలోనూ ఉంటుందని బస్తాల మీదే అచ్చేసి ఉంది మరి! ఇంకేం, మాత్రలు అవతల పారేసి, మిషను దగ్గరే రోజూ చెంచాడు నూనె తాగడం మొదలెట్టాడు. జీవితమంతా నూనె తీసినవాడికి బయటి నూనె కొనడమంటే తలకొట్టేసినట్టుంటుంది. మొండిఘటం!

"పేరొకటే నాన్నా, సరుకు వేరు. గింజలోదాన్ని ఒళ్లే చేపలోదానిలా మార్చుకోవాలి. మారేది పిసరంత."

"పిసరంతా? నేనేమన్నా కల్తీ నూనె తీస్తున్నానా?"

"నీ నూనెకు వంక పెట్టట్లేదు. మంచిదే. నీ జబ్బుకు చాలదంటున్నా. భుజం పట్టుకున్నావేం?"

"బస్తా ఎత్తాన్లే."

పచ్చి అబద్ధం. బస్తాలన్నీ హమాలీలే దించారు. ఆయన మెడమీద చెమట చూసి ఆమె గుమ్మంవైపు తిరిగింది.

"ఆటో తెస్తా. ఆస్పత్రికి పోదాం. మిషను ఆపి కూర్చో."

"ఈ వాయి కానీవే తల్లీ."

"నాన్నా!"

"సరేలే, కసరకు."

డబ్బా బల్లమీద పడేసి పరుగెత్తింది. ఒక్క ఆటో ఆగదే! చేతులూపుతూ రోడ్డుకు అడ్డంగా నిలబడింది. అంతలో మిల్లు చప్పుడు ఆగింది. వాయి మధ్యలో మిషను ఆపడం ఆయన వంశంలో లేదు. హమ్మయ్య, ఇన్నాళ్లకు నా మాట విన్నాడు అనుకుంది. కళ్లనిండా నీళ్లొచ్చాయి.

ఆటోతో తిరిగొచ్చేసరికి ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. "పద నాన్నా" అంటూ చెయ్యి పట్టుకుంది. చెయ్యి బరువుగా జారిపోయింది. ఎంత పిలిచినా పలకలేదు. అక్కడే కూలబడి, ఆయన మోకాళ్లు పట్టుకుని భోరుమంది.

బల్లమీద డబ్బా మూత తీసి ఉంది. పక్కనే, ఆయన నూనె పరీక్షించే గాజుముక్క మీద రెండు నూనె చుక్కలు: ఒకటి ఆయన మిషనుది, రెండోది మాత్ర కత్తిరించి పిండినది. ఆ రెండో చుక్కలో వేలు ముంచి రుచి చూసిన గుర్తు ఇంకా చెరగలేదు.