కోల్టర్ పొట్టకు ఇద్దరు కోచ్‌లు

కార్లెట్ హైస్కూల్లో పిల్లలు ఎంత తక్కువంటే, ఏ ఆటకి జట్టు కట్టాలన్నా అందరూ అన్నీ ఆడాల్సిందే. అందులోనూ కోల్టర్ హోలుబ్ లాంటి శాల్తీ చేతికి దొరికితే ఏ కోచ్ వదులుతాడు? ఆకులు రాలే రోజుల్లో హెల్మెట్ తగిలించుకుని ఎదుటివాణ్ణి గుద్ది పడేసే ఫుట్‌బాల్, చలికాలం కుస్తీ, మంచు కరిగాక ఇనపగుండు విసరడం. ఓసారి ఎవరికో జ్వరమొస్తే బాస్కెట్‌బాల్‌లో కూడా నిలబెట్టారు. వీడు బంతిని వదిలేసి మనుషుల్ని పట్టుకుంటున్నాడని రిఫరీ బయటికి పంపేశాడు.

ఆ ఫిబ్రవరిలో ఓ కాలేజీ వాళ్లు ఫుట్‌బాల్‌కి వాణ్ణి తీసుకున్నారు. స్కూలు జిమ్‌లో బల్ల వేసి, వాడి తలమీద కాలేజీ టోపీ పెట్టి సంతకం చేయించారు. ఊరంతా వచ్చింది. అందులో సగం మంది కేకు కోసం వచ్చారు.

"ఈ అబ్బాయి మా జట్టుకి గోడలా నిలబడతాడు," అన్నాడు కాలేజీ కోచ్ టిల్‌మన్, మైకు పట్టుకుని. "ఇంకాస్త ఒళ్లు చేయాలి, అంతే."

ఇంకాస్తంటే యాభై పౌండ్లు.

వెనక వరసలో చేతులు కట్టుకుని నిలబడ్డ కుస్తీ కోచ్ డ్వైట్ ష్రోడర్ మొహం మాడిపోయింది. వచ్చే వారం జిల్లా పోటీలు. అక్కడ నెగ్గితే ఒమాహాలో రాష్ట్ర పోటీలు. కోల్టర్ రెండువందల పదిహేను పౌండ్ల తరగతిలో దిగాలి. వాడు దానికి ఓ నాలుగు పౌండ్లు పైనే ఉన్నాడు. ఆ నాలుగూ దించడానికి పిల్లాణ్ణి ఉడకబెట్టిన గుడ్ల మీదా, పాలకూర మీదా బతికిస్తున్నాడు ష్రోడర్. కేకు ముక్క వాడి చేతికి అందేలోపే తనే లాక్కుని నోట్లో వేసుకున్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం గొడవ ముదిరింది.

కోల్టర్ నాయనమ్మ లడీన్ ముప్పై ఏళ్లు స్కూలు క్యాంటీన్‌లో వండి వార్చిన మనిషి. ఊళ్లో ఆమె చేతి తిండి తినకుండా పెద్దవాడైనవాడు లేడు, ష్రోడర్‌తో సహా. ఆవిడ పంది మాంసం వేపుడు, పులిసిన క్యాబేజీ, పిండి ముద్దలు బల్లమీద పెట్టి కూర్చుంది. కోల్టర్ ముందు మాత్రం ఒక గుడ్డు. వాడు దాన్ని శవాన్ని చూసినట్టు చూస్తున్నాడు. పక్కన ష్రోడర్, చంకలో బరువు తూచే మిషనుతో.

అంతలో తలుపు తట్టి టిల్‌మన్ లోపలికొచ్చాడు. చేతిలో బకెట్టంత డబ్బా.

"ఇది కండ పట్టే పొడి. రోజుకి నాలుగుసార్లు పాలలో కలుపుకుని తాగాలి, బాబూ."

"నాలుగుసార్లా?" ష్రోడర్ లేచి నిలబడ్డాడు. "వాడు శుక్రవారం తూకం ఎక్కాలండీ! మీ పొడి ఆగస్టులో పోయండి."

"ఆగస్టుకి ఆలస్యమైపోతుంది. అయినా కుస్తీలో మోకాలు విరిగితే ఎవరిది బాధ్యత?"

"మీ ఆటలో విరగవా ఏంటి మోకాళ్లు? మీవాళ్లు సగం మంది కుంటుకుంటూనేగా డిగ్రీ తీసుకునేది!"

"ఒరే డ్వైట్, కూర్చో," అంది లడీన్. ష్రోడర్ టక్కున కూర్చున్నాడు. "ఏమయ్యా టిల్‌మనూ, నువ్వూ కూర్చో. ఆ డబ్బా కింద పెట్టు, అది చూస్తే దూడలకి పెట్టే దాణా గుర్తొస్తోంది. పిల్లాడి కడుపు మీ ఇద్దరి మైదానమా? వాణ్ణి అడిగారా ఎవరైనా?"

ముగ్గురూ కోల్టర్ వైపు తిరిగారు.

వాడు గుడ్డుని పక్కకి నెట్టాడు. "కోచ్, మన స్కూల్లో పై తరగతి హెవీవెయిట్‌లో ఎవరూ లేరుగా?"

"లేరు. ఎందుకు?"

"నేను దిగుతా."

ష్రోడర్ మళ్లీ లేచాడు. "ఒరే, అక్కడ వచ్చేది మనుషులు కాదురా. పశువులు! ఒక్కోడు రెండువందల ఎనభై. నీమీద పడుకుంటే నిన్ను గరిటెతో గీకి తీయాలి."

"తెలుసు. నాలుగేళ్లుగా ఆకలితోనే కుస్తీ పట్టా, కోచ్. ఎదుటివాణ్ణి పడేస్తున్నంతసేపూ బర్గర్లే తలుచుకున్నా. కాలేజీలో నన్నెవరూ కుస్తీకి పిలవలేదు. ఇదే ఆఖరు. ఒక్కసారి కడుపునిండా తిని పట్టాలనుంది."

లడీన్ పిండి ముద్దలు రెండు తీసి వాడి పళ్లెంలో వేసింది. తర్వాత ఇంకో రెండు. టిల్‌మన్ నవ్వబోయాడు గానీ, "మోకాలి సంగతి..." అని ఆవిడ వైపు చూసి మాట మింగేసి, తనూ పళ్లెం జాపాడు.

జిల్లా పోటీల్లో కోల్టర్ చిట్టచివరి వాడిగా గట్టెక్కి ఒమాహా చేరాడు. అక్కడ మొదటి పోటీలోనే గేజ్ లిండ్‌క్విస్ట్ అనేవాడు ఎదురయ్యాడు. వాడు నడుస్తుంటే పక్క చాప మీదవాళ్లు కూడా తిరిగి చూస్తున్నారు. కోల్టర్ వాడి కాలు దొరకబుచ్చుకున్నాడు, లాగాడు. గుడి స్తంభాన్ని లాగినట్టే ఉంది. మరుక్షణం వెల్లకిలా పడున్నాడు, ముక్కు గేజ్ చంకలో ఇరుక్కుని.

"సారీ బ్రో," అన్నాడు గేజ్ పైనుంచి, మర్యాదగా.

"స్నానం చెయ్యరా బాబూ," అన్నాడు కోల్టర్ కిందనుంచి. వాడి రెండు భుజాలూ నేలకి ఆనాయని రిఫరీ చాప మీద చెయ్యి చరిచాడు. అయిపోయింది.

అయినా ఓడినవాళ్ల వరసలో గెలుస్తూ పోతే పతకానికి ఇంకా అవకాశం ఉంది. అక్కడ కోల్టర్ ఇద్దర్ని పడేశాడు. ఆ భారీ మనుషులు తొందరగా రొప్పుతారని, వీడు చుట్టూ తిరుగుతూ ఉంటే చాలని కనిపెట్టాడు. ష్రోడర్ గొంతు పోయేదాకా అరిచాడు. మూడో పోటీ గెలిస్తే పతకం. ఆఖరి క్షణాల దాకా సమానంగా ఉన్నారు. చివర్లో కోల్టర్ విసిరేయబోయి, తనే తూలి కిందపడ్డాడు. ఒక్క పట్టు తేడాతో పోయింది.

వాడు ఎదుటివాడి చెయ్యి పైకెత్తి, వాడి కోచ్‌కి చెయ్యి కలిపి, చాప మధ్యలోకి వెళ్లి కూర్చున్నాడు. మెల్లిగా బూట్ల తాళ్లు విప్పాడు. కుస్తీ మానేసేవాడు బూట్లు చాప మీద వదిలి వెళ్తాడు, అది ఆ ఆట ఆనవాయితీ. రెండు బూట్లూ పక్కపక్కన పెట్టి, మేజోళ్లతో లేచి నడిచాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు. ష్రోడర్ తువ్వాల్లో మొహం దాచుకున్నాడు. కోల్టర్ ఆయన్ని కావలించుకుంటే ఆయన భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. అప్పటిదాకా నిబ్బరంగా ఉన్నవాడికి కూడా కళ్లు చెమర్చాయి.

అంతలో జనంలో నవ్వులు. ఇద్దరూ తిరిగి చూశారు. లడీన్ చేతిసంచి ఊపుకుంటూ చాప మీదికి నడుస్తోంది. రిఫరీ అడ్డొచ్చాడు.

"అమ్మా, అవి అక్కడే ఉంచాలండీ."

"ఎవరికోసం? నీ కాలికి సరిపోతాయా?"

"అది కాదండీ, సంప్రదాయం..."

"బంగారం లాంటి బూట్లు. అడుగు కూడా అరగలేదు. తప్పుకో నాయనా."

రిఫరీ తప్పుకున్నాడు. ఆవిడ వంగి, నడుం పట్టుకుని, రెండూ తీసి సంచిలో వేసుకుని తిరిగొచ్చింది. కోల్టర్ మొహం ఎర్రగా కందిపోయింది.

"నానమ్మా! ఎంత పని చేశావే! టీవీలో చూపిస్తున్నారే!"

"చూపించనీ. మానేశానని వాళ్లకి చెప్పావు, అయిపోయింది. ఇవి నావి," అంది. సంచి జిప్పు పట్టుకుని లాగుతోంది, అది పడట్లేదు. కోల్టర్ వంగి ఆ జిప్పు వేసిపెట్టాడు.

ఆగస్టులో వాడు కాలేజీకి వెళ్లాడు, నలభై పౌండ్లు ఎక్కి. మొదటిరోజు ఎండలో బరువులు పేర్చిన ఇనప బండ్లు తోసి తోసి కంచె పక్కన కక్కుకున్నాడు. ఎవరో కోచ్, వాడి పేరు గుర్తులేక, "ఏయ్, కార్లెట్! చచ్చావా బతికావా?" అని ఊరి పేరుతో కేకేశాడు.

"బతికే ఉన్నా!" అని మూతి తుడుచుకుంటూ లేచి, మళ్లీ వరసలోకి పరిగెత్తాడు. ఆ ఏడాది ఒక్క ఆటలోనూ వాణ్ణి దింపలేదు. రెండో ఏడాది దింపారు.