సనోబర్ కొరికిన రొట్టె

తెల్లారేసరికి మస్తూరా తందూరు రాజేసేది. కోడలు సనోబర్ పిండి పిసికేది. మా ఊరు మార్గిలాన్‌లో ఏ ఇంట్లోనైనా ఇదే తంతు. ఇంట్లోంచి ఎవరైనా దూరం వెళ్తుంటే గడప దగ్గర రొట్టె ఒక పంటి కొరికి వెళ్తారు. మిగతాది మేకుకు తగిలిస్తాం. మనిషి తిరిగొచ్చేదైతే అది ఎండదు. మా వీధి బహ్రీ కొడుకు రష్యా వెళ్లి నాలుగేళ్లయినా వాడి రొట్టె దూదిలా ఉంది. వస్తాడులే వెధవ, ఎప్పుడో ఒకప్పుడు.

కడుపుతో ఉన్న సనోబర్‌కి ఏడో నెలలో ఒక రాత్రి తలనొప్పి ముంచుకొచ్చి అంబులెన్స్ వచ్చింది. అంత బాధలోనూ రొట్టె కొరికింది.

"ఉప్పు తక్కువైంది అత్తా."

"ముందు వెళ్లిరా తల్లీ, వంకలు తర్వాత పెడుదువు గానీ."

ఆస్పత్రికి చేరేలోపే తలలో నరం చిట్లింది. ఊపిరి మిషన్ మీదికి పోయింది. డాక్టరమ్మ సనోబర్ మొగుడు మురోద్‌ని పక్కకు పిలిచింది. బిడ్డను ఇప్పుడే తీస్తే తల్లి తట్టుకోదు. ఆగి తల్లికి వైద్యం చేస్తే ఆమె బతకొచ్చేమో, బిడ్డ మాత్రం దక్కదు. సాయంత్రంలోగా చెప్పమంది. పాతికేళ్లవాణ్ణి అడగాల్సిన మాటేనా అది?

మురోద్ తల్లికి ఫోన్ చేశాడు. "అమ్మా, రొట్టె ఎలా ఉంది?"

"మెత్తగానే ఉందిరా."

"అయితే ఆగమంటాను."

మస్తూరా అబద్ధమాడింది. పొద్దున్నే సనోబర్ పంటి గాటు చుట్టూ రొట్టె రాయిలా అయిపోయింది. కొడుకు మనసు విరగ్గొట్టలేక తడిగుడ్డ చుట్టి మెత్తబరిచింది.

మధ్యాహ్నం గుడ్డ మార్చబోతే ఆ గాటు పక్కనే ఇంకోటి కనిపించింది. చిన్నది, పళ్లు లేని చిగుళ్ల గాటు. గుడ్డ తగలని చోటే అయినా అక్కడ రొట్టె తాజాగా ఉంది. చూస్తుండగానే దాని అంచు బిరుసెక్కడం మొదలైంది. రొట్టెను శాలువాలో దాచుకుని, దొరికిన కారెక్కి ఆస్పత్రికి పరుగెత్తింది.

"తడిపానురా. ఆమె రాదు. ఇది చూడు, ఇదింకా వస్తానంటోంది."

మురోద్ రెండు గాట్లూ వేలితో తడిమాడు. తల్లి వంక చూడలేదు.

"నా చేత ఆగమనిపించావు కదమ్మా," అన్నాడు. తర్వాత వెళ్లి బిడ్డను తీయమని సంతకం పెట్టాడు.

ఆడపిల్ల పుట్టింది, పిడికెడంత. సనోబర్‌ని మరునాడు మట్టిచేశాం. వీధి వీధంతా ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

పిల్లను ఇంటికి తెచ్చిన రోజు మస్తూరా ఆ చిన్న గాటు దగ్గర తుంచి, పాలలో నానబెట్టి పెదాలకు రాసింది. వచ్చిన మనిషి తన రొట్టె తాను తినాలి కదా. తిరిగిరాని మనిషిది కనుక ఎండిన సగాన్ని పిట్టలకు వేయాలి. మురోద్ వేయనివ్వలేదు. మళ్లీ మేకుకే తగిలించాడు. తల్లితో అవసరానికి మించి మాట్లాడటం మానేశాడు.

చలికాలం మొదట్లో ఒక ఉదయం పిండి కోసం అటు వెళ్లిన మస్తూరాకి మేకు కింద గోడ చెమ్మగా కనిపించింది. ఎండిన సగానికి తడిగుడ్డ చుట్టి ఉంది. లోపలి గదిలో మురోద్ పిల్లను జోకొడుతున్నాడు.

ఆమె గుడ్డ విప్పింది. దాని అంచులు ఆరిపోతున్నాయి. గుడ్డను నీళ్లలో ముంచి, నీరు పిండేసి, మళ్లీ చుట్టి, తందూరు దగ్గరికి వెళ్లిపోయింది.